మాయ నుంచి పుట్టే క్యాన్సర్

నెదర్లాండ్స్‌లో ఇప్పుడు హేగ్ నగరంలో కలిసిపోయిన లోస్‌డ్యూనెన్ అనే ఊళ్లో ఓ పాత చర్చి ఉంది. 1276లో హెన్నెబర్గ్ ప్రభువు భార్య మార్గరెట్ ఒకే కాన్పులో 365 మంది పిల్లల్ని కన్నదనే కథకు ఆ చర్చి ప్రసిద్ధి. ఇది ముత్యాల గర్భమై ఉంటుందని తర్వాతి వైద్యులు ఊహించారు. ఇందులో బిడ్డ ఎదగదు. మాయలోని సన్నని పోగులు నీరు పట్టి గుత్తులు గుత్తులుగా ఉబ్బుతాయి. ఆ బుడగలు నిజానికి మాయలో భాగాలేనని ప్యారిస్‌లో మంత్రసాని మరీ బ్వావాన్, వైద్యుడు వెల్‌పో 1827లో గుర్తించారు. అవి పిల్లలూ కావు, కొందరు అనుకున్నట్టు పురుగులూ కావు అని తేలడానికే అన్ని శతాబ్దాలు పట్టింది.

ఈ గర్భాల్లో చాలావాటికి గర్భసంచిని శుభ్రం చేయడంతోనే కథ ముగుస్తుంది. కొన్నింటిలో మాత్రం మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. ఇలా మాయ కణాల నుంచి పుట్టే జబ్బుల్లో అతి తీవ్రమైనది కోరియోకార్సినోమా అనే క్యాన్సర్. దీని బారిన పడేవారిలో దాదాపు సగం మందికి ముందు ముత్యాల గర్భం వచ్చి ఉంటుంది. మిగతావారిలో సుమారు సగం మందికి గర్భస్రావమో, ట్యూబులో గర్భమో అయి ఉంటుంది, తక్కినవారికి మామూలు కాన్పే అయి ఉంటుంది. ఆరోగ్యంగా బిడ్డను కన్న తల్లికి కూడా నెలల తర్వాత ఇది రావచ్చన్నమాట. అందుకే గుర్తించడంలో ఆలస్యం జరుగుతుంది. జబ్బు ఊపిరితిత్తులకు పాకి దగ్గులో రక్తం పడితే అందరికీ ముందు క్షయే గుర్తొస్తుంది, పాత కాన్పు సంగతి ఎవరూ అడగరు.

యూరప్, ఉత్తర అమెరికాల్లో సుమారు 40,000 గర్భాల్లో ఒక్కరికి ఇది వస్తుందని లెక్క. అదే సంఖ్యకు జపాన్‌లో ముగ్గురు, ఆగ్నేయాసియాలో తొమ్మిది మంది అని పాత సర్వేలు చెప్పాయి. ఈ తేడాను యథాతథంగా నమ్మకూడదు. ఆ రోజుల్లో ఆసియాలో మామూలు కాన్పులు ఇళ్లలో జరిగేవి, ఇబ్బంది వచ్చినవారే ఆసుపత్రికి వచ్చేవారు. ఆసుపత్రి కాన్పులతో భాగిస్తే జబ్బు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించక తప్పదు.

1889లో లైప్‌జిగ్‌కు చెందిన మాక్స్ సేంగర్ ఈ కణితిని వివరంగా వర్ణించారు. తల్లి గర్భసంచి లోపలి పొరే ఇలా మారిందని ఆయన అనుకున్నారు. 1895లో మార్బర్గ్‌లోని ఫెలిక్స్ మార్షాండ్ అది తప్పని చూపించారు. ఈ కణాలు మాయ పైపొరవి, అంటే తల్లివి కావు, గర్భానివి. ఒకరి శరీరంలో పుట్టి మరొకరి శరీరాన్ని తినే క్యాన్సర్ ఇది. ఆ తర్వాత తెలిసిన ముఖ్య విషయాలన్నీ ఈ ఒక్క సత్యం చుట్టూనే తిరిగాయి.

మాయకు తల్లి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోవడం పుట్టుకతో వచ్చిన విద్య. మామూలు గర్భంలో దానికి ఒక హద్దు ఉంటుంది, కోరియోకార్సినోమాలో ఆ హద్దు చెరిగిపోతుంది. సూక్ష్మదర్శిని కింద రెండు రకాల కణాలు పక్కపక్కనే కనిపిస్తాయి: ఒకే కేంద్రకంతో లేతవి, అనేక కేంద్రకాలతో కలిసిపోయిన పెద్దవి. మాయ పోగుల ఆకారం మాత్రం ఉండదు. కణితికి సొంత రక్తనాళాలు లేవు, తల్లి నాళాలను తొలిచి బతుకుతుంది. అందుకే చుట్టూ నెత్తురు గడ్డలు, చచ్చిన కణజాలం. రక్తంతోపాటే అది ఊపిరితిత్తులకు, యోనికి, మెదడుకు, కాలేయానికి పాకుతుంది. ముక్క తీసి పరీక్షించబోతే ఆగని రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

అయితే ఈ కణితి తన ఉనికిని దాచుకోలేదు. 1920ల చివర బెర్లిన్‌లో అష్‌హైమ్, జోండెక్ గర్భిణుల మూత్రాన్ని చిట్టెలుకలకు ఎక్కించి గర్భాన్ని నిర్ధారించే పరీక్ష కనిపెట్టారు. ఇప్పుడు మందుల షాపులో దొరికే గర్భపరీక్ష కిట్ పట్టుకునేది ఆ మూత్రంలోని హార్మోన్‌నే, హెచ్‌సీజీని. కోరియోకార్సినోమా కణాలూ దాన్నే విపరీతంగా తయారుచేస్తాయి. కణితి ఎంత ఉందో రక్తమే అంకెల్లో చెబుతుంది.

కొలత దొరికినా మందు లేదు. గర్భసంచి తీసేయడమొక్కటే దారి. జబ్బు అప్పటికే ఇతర అవయవాలకు పాకిన స్త్రీలలో అయిదింట నలుగురు బతికేవారు కాదు.

మందు పుట్టింది న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో. మార్షాండ్ నిజం బయటపెట్టిన 1895లోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తర్వాత దాని పనిని అడ్డుకునే అమినాప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను కూడా తయారుచేసింది. పిల్లల రక్త క్యాన్సర్‌పై సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్ ఫలితాలను ప్రకటించిన 1948లోనే, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశారు. కోరియోకార్సినోమా రోగులు కోలుకోవడం చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

ఎనిమిదేళ్ల తర్వాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్‌ను ఈ రోగులకు ఇచ్చారు. ఊపిరితిత్తుల్లోని గడ్డలు కరిగిపోయాయి. లీ అంతటితో ఆగలేదు. ఎక్స్‌రేలో మచ్చ మాయమైనా హెచ్‌సీజీ కొద్దిగా మిగిలితే జబ్బు మిగిలినట్టేనని, అది పూర్తిగా పోయేదాకా మందు కొనసాగించాలని పట్టుబట్టారు. అనవసరంగా విషం ఎక్కిస్తున్నారని పైవారు అభ్యంతరం చెప్పారు, ఆయన ఉద్యోగం పోయింది. మందు ముందే ఆపినవారిలో జబ్బు తిరగబెట్టింది, లీ దగ్గర పూర్తి చికిత్స పొందినవారు నిలిచారు. పెద్దల్లో గడ్డ క్యాన్సర్ కేవలం మందులతో నయమవడం అదే మొదలు. 1972లో లీకి, హెర్ట్జ్‌కు లాస్కర్ అవార్డు వచ్చింది.

లండన్‌లోని చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో కెన్నెత్ బ్యాగ్‌షా ఈ హెచ్‌సీజీ కొలతనే దేశవ్యాప్త ఏర్పాటుగా మార్చారు. 1973 నుంచి బ్రిటన్‌లో ముత్యాల గర్భం వచ్చిన స్త్రీలను నమోదు చేసుకుంటున్నారు. వారు నమూనాలను పోస్టులో పంపిస్తే చాలు, అంకె పెరగగానే కబురు వస్తుంది. ఎక్కడో మారుమూల ఉన్న మనిషినీ వదలని ఈ ఏర్పాటు కొత్త మందుకు ఏమాత్రం తీసిపోదు. ఇప్పుడు తక్కువ ముప్పు ఉన్నవారిలో దాదాపు అందరూ, ఎక్కువ ముప్పు ఉన్నవారిలో 90 శాతానికి పైగా కోలుకుంటున్నారు. చాలామందికి గర్భసంచి కూడా నిలుస్తోంది.

1977లో జపాన్ శాస్త్రవేత్తలు కజీ, ఒహామా మార్షాండ్ మాటకు జన్యువుల సాక్ష్యం తెచ్చారు. పూర్తి ముత్యాల గర్భంలో కణ కేంద్రకంలోని క్రోమోజోములన్నీ తండ్రివేనని చూపించారు. తల్లి రోగనిరోధక శక్తికి ఇలాంటి కణాలు పరాయివి, అయినా దాని కన్నుగప్పి బతుకుతున్నాయి. ఆ ముసుగును తొలగించే పెంబ్రోలిజుమాబ్‌ను, ఏ మందుకూ లొంగని నలుగురు రోగులకు చారింగ్ క్రాస్ వైద్యులు ఇచ్చి, 2017లో ఫలితం ప్రకటించారు. ముగ్గురిలో జబ్బు జాడ లేకుండా పోయింది.