కృష్ణా డెల్టాలో వ్యవసాయ అటవీ సాగు: దస్త్రాలకెక్కని చెట్టు

ఒకే కమతంలో చెట్టునూ పైరునూ కలిపి పెంచడానికి ఆగ్రోఫారెస్ట్రీ అన్న పేరు 1970ల చివర స్థిరపడింది. ఈ రంగానికి 1978లో ఏర్పడిన అంతర్జాతీయ పరిశోధన మండలి నైరోబీ కేంద్రంగా పనిచేసింది. తెలుగులో దీనిని వ్యవసాయ అటవీ సాగు అంటున్నారు. పేరు కొత్తదే గాని, కృష్ణా డెల్టా రైతుకు ఈ పని కొత్తది కాదు.

పొన్నూరు, బాపట్ల ప్రాంతాల తమలపాకు తోటలే ఇందుకు ఉదాహరణ. రైతు ముందుగా అవిశ విత్తనాన్ని వరుసలుగా వేస్తాడు. మొక్కలు ఎదిగాక వాటి మొదళ్ల వద్ద తమలపాకు తీగలు నాటి పైకి పాకిస్తాడు. అవిశ తీగకు ఊతం, లేత ఆకుకు నీడ. అది పప్పుజాతి చెట్టు కనుక దాని వేళ్లు నేలకు నత్రజనిని అందిస్తాయి; కొట్టిన రెమ్మలు పశువుల మేతవుతాయి. వరి గట్ల మీది తాడిచెట్టుదీ ఇదే కోవ: ఆకు ఇంటికప్పుకు, మాను దూలానికి, ముంజలూ తేగలూ తిండికి.

ఇంతటి సాగు విస్తీర్ణం లెక్కలోకి ఎందుకు రాలేదు? బెజవాడ వద్ద 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువ నీరు పారిన నేల క్రమంగా వరి మాగాణిగా మారింది. రైత్వారీ దస్త్రం భూమిని మాగాణి, మెట్ట అని విడదీసి శిస్తు కట్టింది. పైరుకు గడి ఉంది. గట్టు మీది చెట్టుకు లేదు. తమలపాకు తోట లెక్కకెక్కినా దానిని మోసే అవిశ ఎక్కలేదు. విస్తీర్ణాన్ని గురించిన సందిగ్ధత పొలంలో కన్నా వర్గీకరణలోనే ఎక్కువగా ఉందనవచ్చు.

లెక్కకు సులభంగా అందినది మరొక చెట్టు. పరిశ్రమలు తమ ముడిసరుకును అడవుల నుంచి కాక రైతుల సహకారంతో సమకూర్చుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం సూచించింది. విజయవాడకు వాయవ్యంగా, డెల్టా అంచు దాటిన నందిగామ, జగ్గయ్యపేట మెట్టల్లో కాగితపు మిల్లుల కోసం సుబాబుల్, జామాయిలు తోటలు విస్తరించాయి. కొనుగోలుదారులు కొద్దిమందే కావడంతో ధర రైతు చేతిలో లేదు. పైగా దగ్గర దగ్గరగా నాటిన ఈ తోటల్లో కొమ్మలు కమ్ముకున్నాక కింద పైరుకు చోటుండదు. వీటిని తోట అనడమే సబబు. వ్యవసాయ అటవీ సాగు పద్దులో చేర్చి, అదే భవిష్యత్తని అంచనా వేయడం అవిశను మరోసారి విస్మరించడమే.

2014లో భారతదేశం ఈ సాగుకు ప్రత్యేక జాతీయ విధానాన్ని ప్రకటించింది. చెట్టు నరకడానికి, కలప తరలించడానికి కావలసిన అనుమతుల చిక్కులను అది గుర్తించింది. డెల్టాలో అంతకన్నా పెద్ద చిక్కు కౌలు. ఇక్కడ దుక్కి దున్నేవారిలో కౌలురైతులు అధికం. పంట సాగుదారుల హక్కులపై 2019లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం ప్రకారం కౌలు ఒప్పందం 11 నెలలకే. సుబాబుల్ కోతకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. తాడి కాపుకు వచ్చేసరికి పదేళ్లు దాటుతాయి. ఆ గట్టు మీద మొక్క నాటే కౌలుదారు, దాని కాపు నాటికి ఆ చేలో ఉంటాడన్న హామీ ఏ పత్రంలోనూ లేదు.