వంతెన పియర్లు: కృష్ణా నది, నారాయణపేట ప్రాంతం

వంతెనకు గానీ పెద్ద కట్టడానికి గానీ మధ్యలో నిలిచి, పైబరువును నేలకు దించే మందపాటి ఆధారాన్ని పియర్ అంటారు. వాడుకలో దిమ్మె, పిల్లర్ అని కూడా అంటారు. ఒడ్డున వంతెన చివరను పట్టుకునేది అబట్‌మెంట్, ఏటి నడుమ నిలిచేది పియర్. రెండు దిమ్మెల నడుమ ఖాళీ కానా.

కాకతీయుల కాలం నాటి పిల్లలమర్రి, పానగల్లు గుళ్లలో రాతి స్తంభం మీద దూలం, దూలం మీద కప్పు ఉంటాయి. బరువు నిట్టనిలువుగా దిగుతుంది కాబట్టి అక్కడి స్తంభాలు సన్నగా ఉన్నా సరిపోయింది. కమాను అలా కాదు, రెండు పక్కలకూ నెడుతుంది. ఆ తోపుకు ఓర్చుకోవాలంటే ఆధారం బలంగా ఉండాలి. 1591 నాటి చార్మినార్‌లో నాలుగు కమానుల భారమూ మూలల్లోని నాలుగు దిమ్మెల మీదికే వస్తుంది. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో మూసీ మీద కట్టిన పురానాపూల్‌ది కూడా ఇదే పద్ధతి. ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే దాన్ని పారిస్‌లోని పాంట్ నఫ్‌తో పోల్చి మెచ్చుకున్నాడు. దిమ్మెలు మందంగా ఉంటే తోపుకు ఓర్చుకుంటాయి, కానీ నీటి దారి ఇరుకవుతుంది. 18వ శతాబ్దిలో ఫ్రాన్స్‌లో ఇంజనీరు పెరోనే ఈ ముడి విప్పాడు. పక్కపక్క కమానుల తోపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి గనుక నడిమి దిమ్మెను బాగా సన్నం చేయవచ్చని న్యూయీ వంతెనతో చూపించాడు. చిక్కేమిటంటే, అలాంటి వంతెనలో ఒక్క కమాను కూలినా పక్క దిమ్మెకు ఒకవైపు ఆసరా పోతుంది.

నారాయణపేట జిల్లా తంగడి దగ్గర భీమా నది కలిశాక కృష్ణ తెలంగాణలోకి వస్తుంది. దానికి దిగువన కొద్ది దూరంలోనే రెండు కాలాల వంతెనలు కనిపిస్తాయి. మొదటిది రైలు వంతెన. బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు రైల్వే 1871లో రాయచూరులో కలిశాయి. ఆ దారి నదిని దాటేచోటే నేటి కృష్ణా స్టేషన్ ఉంది. ఇది కమానుల మీద కాక దూలాల మీద నిలిచే గర్డరు వంతెన కాబట్టి పక్కతోపు దాదాపు ఉండదు. అయితే రైలు బ్రేకు వేసినప్పుడు పుట్టే ఊపును కూడా దిమ్మే భరించాలి.

రెండోది రోడ్డు వంతెన, సిరాత్-ఎ-జూదీ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1943లో పూర్తయింది. ఇటు గూడెబల్లూరు, అటు దేవసూగూరు. 35 కమానులు, సుమారు 2,488 అడుగుల పొడవు. కట్టిన నాడు రెండు ఒడ్డులూ హైదరాబాదు రాజ్యంలోనివే. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోవడంతో ఇది అంతర్రాష్ట్ర వంతెన అయింది. మక్తల్ నుంచి రాయచూరు పోయే లారీలు, బస్సులు దశాబ్దాలుగా ఈ కమానుల మీదుగానే నడిచాయి. అంత సేవ చేసిన ఈ కట్టడానికి పురానాపూల్‌కు ఉన్నంత పేరు రాలేదు. రావాల్సింది.

ఇక్కడ దిమ్మెలకు నేల కలిసొచ్చింది. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే ఏటి నడుమ బండలు తేలతాయి. గట్టి రాయి ఇంత పైన దొరికితే పునాది కోసం లోతుకు పోనక్కర్లేదు. రాజమండ్రి దగ్గర గోదావరిలో ఆ వీలు లేదు. 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెనకు ఇసుకలో బావులు దింపి, వాటి మీద దిమ్మెలు లేపాల్సి వచ్చింది. గుండ్రటి గోడ కట్టడం, లోపలి ఇసుక తోడడం, గోడ తన బరువుతో దిగుతుంటే పైన మళ్లీ కట్టడం: బావి పునాది పని ఇలా సాగుతుంది.

బరువుకు కుంగిన దిమ్మెల కంటే వరద కోతకు పడిపోయినవే ఎక్కువ. వరద దిమ్మెకు కొట్టుకుని కిందికి మళ్లి, సుడి తిరుగుతూ అడుగున మట్టిని తోడేస్తుంది. కొట్టుకొచ్చిన చెట్లు అడ్డం పడితే కోత మరీ పెరుగుతుంది. అందుకే ఎగువ వైపు దిమ్మెను కోసుగానో గుండ్రంగానో కడతారు. కోత గుంత వరద తీశాక మళ్లీ మట్టితో పూడిపోతుంది కాబట్టి పైకి ఏమీ తెలియదు. వంతెన తనిఖీలో ప్రతి దిమ్మె చుట్టూ లోతు కొలిచి, పాత కొలతతో పోల్చాల్సిందే.