జాకీయు, స్టెప్నీయు

టైరు పగిలినప్పుడు లారీ డ్రైవరు "స్టెప్నీ దింపు" అని క్లీనరుతో ననుట మీరు వినియుందురు. మన దేశమున అదనపు చక్రమునకు పేరై నిలిచిన ఆ మాట, నిజమునకు వేల్సు దేశములోని లనెల్లి పట్టణమున నొక వీథి పేరు. 1904లో అచ్చటి డేవీసు సోదరులు, ఆకులు లేని యొక చక్రమునకు గాలి టైరు తొడిగి, దానిని పాడైన చక్రము ప్రక్కనే బిగించు ఉపాయము కనిపెట్టిరి.

ఇంత యుపాయ మేల కావలసివచ్చెను? 1888లో బెల్ఫాస్టు పట్టణమున డన్లప్ అను పశువైద్యుడు సైకిలు కొఱకు గాలి టైరునకు పేటెంటు పొందెను. 1895లో పారిసు నుండి బోర్డోకు పోయి మరలివచ్చు పందెమున మిషెలిన్ సోదరులు గాలి టైర్లతో కారు నడపిరి. దారి పొడవునను టైర్లు పగులుచునే యుండెను.

1908లో వెలువడి, 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డు టీ-మోడలు కారును చూడుడు. 1919కి పూర్వము దాని చక్రమును బాటమీద ఊడదీయు వీలు లేదు. టైరు పగిలెనా, చక్రము కారునకు ఉండగనే జాకీతో నెత్తి, ఇనుప మీటలతో టైరు అంచు పెకలించి, ట్యూబు లాగి, అతుకు వేసి, నలుగకుండ మరల లోనికి దోపి, చేతిపంపుతో సుమారు 60 పౌండ్ల ఒత్తిడి వచ్చువరకు గాలి కొట్టవలెను. అంతసేపును మనుష్యుడు ఎత్తిన కారు ప్రక్కనే కూర్చుండవలెను. ప్రమాద మక్కడనే యున్నది.

జాకీ బరువు నెత్తును. బండిని కదలకుండ నిలుపుట దాని పని కాదు. వెనుక యిరుసులో నొక పండ్లచక్రముల కూర్పు కలదు. మలుపులో లోపలి చక్రము మెల్లగను, వెలుపలిది వేగముగను తిరుగుటకై దాని నేర్పరచిరి. ఒక వెనుక చక్రము పైకి లేచినచో, అది గాలిలో వెనుకకు తిరుగుచు, నేలపైనున్న దానిని ముందుకు పోనిచ్చును. కొన్ని పాత కారులలో చేతిబ్రేకు చక్రములను గాక, ఇంజను వైపు నుండి వచ్చు కడ్డీని పట్టును. కడ్డీ కదలకున్నను కారు కదలును! గేరులో నుంచితిమను ధైర్యమును ఇట్టిదే. కావున జాకీని ముట్టుకొనకముందే, నేలపై నుండబోవు చక్రములకు ముందువెనుకల రాళ్లో, చెక్కలో అడ్డము పెట్టవలెను. వాలున బండి నిలుపు రైతునకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

అమెరికాలో టీ-మోడలు వారు ఈ గుణమునే చలికాలమున వాడుకొనిరి. నూనె చిక్కబడి క్లచ్చి పూర్తిగ విడువకుండుటచే, ముందు నిలిచి పిడి త్రిప్పువాని పైకి కారు ప్రాకెడిది. అందుచేత ఒక వెనుక చక్రమును జాకీతో నెత్తి, తక్కినవానికి అడ్డుపెట్టి పిడి త్రిప్పెడివారు. లేచిన చక్రము ఊరక గిరగిర తిరిగెడిది; కారు నిలిచినచోటనే నిలిచెడిది. తెలివిగల పని యని నా తలంపు.

నేటికిని ఇట్టి కారులను ప్రేమతో కాపాడువారు కలరు. వారు జాకీని రేకు క్రింద గాక ఇరుసు క్రింద, చక్రమునకు దగ్గరగ నుంతురు. నేల మెత్తనైనచో అడుగున మందపు పలక వేయుదురు. నూనె జాకీ లోపలి వాషరు అరిగినచో మెల్లగ దిగిపోవును గనుక, ఎత్తిన వెంటనే ఇరుసు క్రింద గట్టి ఆసరా నిలిపి, బరువు దానిపై మోపుదురు. చక్రము లేచియుండగనే కొయ్య ఆకులను పట్టి కదిపి చూతురు. కిఱ్ఱుమన్నచో కొయ్య యెండినదన్నమాట. చెరువులో నానవేసిన బండిచక్రము వలె అదియు నీటికి బిగియును గాని, ఆరిన పిదప మరల వదులగును. అట్టి చక్రమును పనివాని చేతికీయక తిరిగి బాట కెక్కింపరు.