పెరటి కొబ్బరి తల ఎందుకు వాల్చింది?

మట్టలు చాలావరకు పచ్చగానే ఉన్నాయి. నడినెత్తిన నిటారుగా నిలబడాల్సిన మొవ్వు మాత్రం ఒక పక్కకు ఒరిగి వేలాడుతోంది. గెలల్లో బొండాలు నిండుగా ఉన్నాయి, పైన కొత్త పూత కూడా ఉంది. కోనసీమలో, అంబాజీపేటకు దగ్గర్లో ఒక ఇంటి పెరట్లో మీరు తలెత్తి నిలబడి ఉన్నారు. ముందున్నది 12 ఏళ్ల గంగాబొండం చెట్టు. ఇంటావిడ కళ్లొత్తుకుంటున్నారు.

“నిన్నటిదాకా నిక్షేపంగా ఉందండి. నిన్న రాత్రి ఉరిమింది కదా, పిడుగు పడుంటుందండి.”

ముందు ఆవిడ అనుమానమే తేల్చండి. పిడుగు పడ్డ కొబ్బరికి మట్టలన్నీ దాదాపు ఒకేసారి మానును అంటుకుని వేలాడతాయి. మాను మీద రసం కారిన చారలు కనిపిస్తాయి. చాలాసార్లు చుట్టుపక్కల చెట్లూ దెబ్బతింటాయి. ఇక్కడ ఆనుకుని ఉన్న అరటి చెట్టు ఆకు కూడా వాడలేదు. మాను మీద చారలు లేవు. ఇది పిడుగు పని కాదు.

ఇప్పుడు వంగి చెట్టు మొదలు చూడండి. గానోడెర్మా తెగులైతే నేలకు దగ్గరగా ఎర్రటి గోధుమరంగు జిగురు కారి, ఆ మచ్చలు మెల్లమెల్లగా పైకి పాకుతాయి. కింది మట్టలు ముందు వాలతాయి. తమిళనాడులో దీన్నే తంజావూరు తెగులంటారు. అది చెట్టును నెలల తరబడి పీడించి చంపుతుంది. ఈ చెట్టు మొదలు పొడిగా, గట్టిగా ఉంది. కింది మట్టలు దిటవుగానే ఉన్నాయి.

ఇక మిగిలింది మొవ్వు కుళ్ళు. గోదావరి డెల్టాకు ఈ తెగులు పాత శత్రువు. నూరేళ్ల కిందట ఇక్కడి తాడిచెట్లు దీంతో చచ్చిపోతుంటే బట్లర్ అనే శాస్త్రవేత్త కారణం వెతికాడు. ఆయన వర్ణించిన సూక్ష్మజీవినే ఇవాళ ఫైటోఫ్తొరా పాల్మివోరా అంటున్నారు. తుపాను వానల తర్వాత మొవ్వు వాలిందంటే ముందు దీన్నే అనుమానించాలి.

దింపు తీసే ఆయన వచ్చాడు. కాళ్లకు బంధం వేసుకుని చకచకా ఎక్కేశాడు. మొవ్వు పట్టుకుని లాగితే ఊడి చేతిలోకి వచ్చేసింది.

“వాసన చూడు బాబూ!” కింద నుంచి మీరు కేకేశారు.

“కుళ్లు కంపు కాదండి. కల్లు పులిసినట్టుందండి, ఆయ్!”

ఆ ఒక్క మాటతో దారి దొరికింది. మొవ్వు కుళ్ళైతే లోపలంతా మెత్తగా చీకిపోయి ముక్కు మూసుకునే కంపు కొడుతుంది. ఇక్కడ మొవ్వు అడుగున నమిలేసిన పీచుంది, పులిసిన వాసన ఉంది. మానుకు చెవి ఆనించండి. కాసేపు ఊపిరి బిగబట్టండి. లోపలెక్కడో కరకరమని నమలుతున్న చప్పుడు. భుజం ఎత్తులో బట్టలారేసే తాడు కట్టడానికి కొట్టిన మేకు ఉంది. దాని పక్కనే చిన్న రంధ్రం, రంధ్రం నుంచి కారి ఎండిన గోధుమరంగు జిగురు, అంచున పొట్టులా పీచు. చెట్టును చంపింది ఎర్రముక్కు పురుగు.

అంతలో పైనుంచి దింపాయన మరో సాక్ష్యం పడేశాడు. విసనకర్రలా కత్తిరించినట్టున్న ఆకు అది. కొమ్ము పురుగు మొవ్వులో దూరి, ఇంకా విచ్చుకోని ఆకును నమిలితే, విచ్చుకున్నాక అలాగే కనిపిస్తుంది. ఆ పురుగు ఎక్కడ పుట్టిందో చూడ్డానికి మీరు దూరం వెళ్లనక్కర్లేదు. గోడవారన పేడ పోగు ఉంది. పారతో తిరగేస్తే చంద్రవంకలా ముడుచుకున్న తెల్లటి లద్దెపురుగులు బయటపడ్డాయి. కొమ్ము పురుగు సాధారణంగా కాపున్న చెట్టును చంపదు, గాయం చేస్తుంది. ఆ గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది.

మధ్యాహ్నానికి చెట్టు కూలింది. మొవ్వు దిగువన మానును చీల్చగానే చూస్తున్నవాళ్లు ఒక్కడుగు వెనక్కి వేశారు. లోపల మెత్తటి గుజ్జు ఉండాల్సిన చోట సొరంగాలు. వాటిలో కాళ్లు లేని, బొటనవేలంత లావు పాలిపోయిన పురుగులు. పీచుతో అల్లుకున్న గూళ్లు. ఒక గూడు విప్పితే పొడుగాటి ముక్కుతో ఎర్రటి పెంకు పురుగు. ఆడపురుగు గాయాల్లో 200కు పైగా గుడ్లు పెడుతుంది. కొద్దిరోజుల్లోనే అవి పిల్లలై మానులోకి తొలుచుకుపోతాయి. అక్కడే నెలల తరబడి తింటాయి. ఒకే చెట్టులో ఒక తరం వెనక మరో తరం పెరుగుతుంది. ఈ చావు నిన్న రాత్రి వచ్చింది కాదు, నెలల కిందటే మొదలైంది.

ఈ పురుగు మన దగ్గరే ఆగిపోలేదు. 1980ల మధ్యలో గల్ఫ్ దేశాల ఖర్జూర తోటల్లో కనిపించింది.

ఇంటావిడ ఆ మేకు వైపే చూస్తూ, “అంత చిన్న మేకుకేనా అండీ?” అన్నారు. కొబ్బరి మాను మామిడి మాను లాంటిది కాదు. దెబ్బ తగిలితే చుట్టూ కొత్త బెరడు కట్టి పూడ్చుకోలేదు. కొట్టిన మేకు, ఎక్కడానికి చెక్కిన మెట్టు, కాండానికి అంటా నరికిన మట్ట, అన్నీ చెట్టు బతికున్నన్నాళ్లూ తెరిచిన గాయాలే. పైగా దానికి ఎదుగుదల ఒక్క మొవ్వు దగ్గరే. అది పోతే పక్క నుంచి మరో చిగురు రాదు.

ఈ చెట్టుకు ఇక చేయగలిగింది లేదు. అయితే గోడ అవతల మరిన్ని చెట్లున్నాయి. చీల్చిన మాను, గూళ్లు, మొవ్వు ఈ సాయంత్రమే కాల్చేయాలి. వారం రోజులు పెరట్లో పడేసి ఉంచితే పెంకు పురుగులన్నీ పక్కింటి చెట్లకు పోతాయి. పేడ పోగు తిరగేసి పురుగులేరేయాలి. మీ పెరట్లో కొబ్బరి ఉంటే ఈ రోజే వెళ్లి చూడండి. మట్టలు కొట్టించేటప్పుడు మాను దగ్గర నాలుగడుగుల మొదలు వదిలేయమని చెప్పండి. రంధ్రం గానీ జిగురు గానీ కనిపిస్తే మొవ్వు వాలేదాకా ఆగకండి. తొలిదశలో రంధ్రాలు మూసి పై రంధ్రంలో మందు పోస్తే చెట్టు దక్కుతుంది. బట్టల తాడుకు మాత్రం దయచేసి ఒక గుంజ పాతుకోండి.