పట్టాల అవతలి భిలాయి

భిలాయి పటం ముందేసుకుని ఊరి నడిబొడ్డు ఏదని వెతికితే ముందుగా కంటికి ఆనేది సివిక్ సెంటర్. ఉక్కు కర్మాగారంతో పాటే కాగితం మీద గీసుకుని కట్టిన టౌన్‌షిప్‌కు కేంద్రం అది. ఒకటి నుంచి పది దాకా సెక్టార్లు, బారులు తీరిన క్వార్టర్లు, బజార్లు, బడులు, తొమ్మిదో సెక్టార్లో పెద్దాసుపత్రి. ఇదంతా హౌరా-ముంబయి రైలుపట్టాలకు దక్షిణాన. పట్టాలు దాటి, జీఈ రోడ్డూ దాటి ఉత్తరానికి వెళితే సుపేలా, క్యాంప్‌లు, వైశాలి నగర్ వస్తాయి. నడిబొడ్డుగా ఎవరూ గీయని ఈ వైపే ఇవాళ సందడంతా. ఆదివారం సుపేలా సంతలో భుజం భుజం రాసుకోకుండా నాలుగడుగులు వేయలేం. ఊరి బరువు ఇలా ఉత్తరానికి ఒరగడంలో మన ఉత్తరాంధ్ర మనుషుల చెమట చాలానే ఉంది.

ఆ కథ రైలుతోనే మొదలవుతుంది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికే పట్టాలు పడ్డాయి. అక్కణ్ణించి కొండలు, అడవులు దాటి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ చేరేసరికి 1931 వచ్చింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన ఆ లైను పాతికేళ్లు తిరక్కుండానే పల్లె జనాన్ని ఉక్కు కొలువుకు మోసే దారైంది. భిలాయి కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తీయాలన్నది తొలి లక్ష్యం. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఈ రెండు తేదీల మధ్య నాలుగేళ్లూ మట్టి తవ్వేందుకు, కాంక్రీటు మోసేందుకు, ఇనుము బిగించేందుకు మనుషులు కావాల్సి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి జనం రైలెక్కారు. ఒకడు వెళ్లి కుదురుకుంటే తమ్ముణ్ణి పిలిపించుకునేవాడు, తర్వాత బావమరిదిని. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని మనం గొంతెత్తింది 1966లో. అప్పటికే ఆ పల్లెల్లో ఉక్కు ఉద్యోగమంటే భిలాయే.

కట్టుబడి రోజుల్లో కూలీలు తలదాచుకున్న చోట్లకు క్యాంప్-1, క్యాంప్-2 అన్న పేర్లు అలాగే ఉండిపోయాయి. పవర్ హౌస్ స్టేషన్ చుట్టుపక్కల, ఖుర్సీపార్ సందుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. పర్మనెంట్ అయినవాళ్లకు మాత్రం పట్టాలకు ఇవతల క్వార్టర్ వచ్చేది. గుమ్మంలో ముగ్గు, పెరట్లో కరివేపాకు, గోడవారగా మునగ. అయిదో సెక్టార్లో ఆంధ్ర సాహిత్య సమితి వాళ్ల బాలాజీ గుడి. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ మధ్య పిల్లలు పెరిగారు, పెళ్లిళ్లు అయ్యాయి.

అయితే క్వార్టర్ కంపెనీది. ఉద్యోగం ఉన్నన్నాళ్లే నీది. వైశాలి నగర్ ఎందుకు పెరిగిందో అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు. 2000 తర్వాత కొన్ని క్వార్టర్లను దీర్ఘకాలిక లీజుకు ఇచ్చారు గానీ, అంతకు ముందు రిటైరైతే తాళంచెవి అప్పగించాల్సిందే. ముప్పై ఏళ్లు బతికిన ఇల్లు ఖాళీ చేయడం చిన్న కష్టం కాదు. బీరువా, మంచం లారీకెక్కుతాయి. పెరట్లో మునగచెట్టు ఎక్కదు. కానీ మునగకు ఒక గుణం ఉంది. చేతిమందం కొమ్మ నరికి తడిమట్టిలో పాతితే వేళ్లూనుకుంటుంది. అలా సెక్టార్ పెరళ్ల నుంచి ఉత్తరం వైపు కాలనీలకు కొమ్మలు వెళ్లాయి. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బుతో కొన్న స్థలంలో ఇంటికంటే ముందు మునగ లేచింది.

కంపెనీ భూమి కానిచోటే సొంత ఇల్లు కట్టుకోగలరు కాబట్టి ఆ ఇళ్లు పట్టాల అవతలే లేచాయి. నగరపాలక సంస్థ రాకముందు ‘సాడా’ అని అందరూ పిలిచే ప్రత్యేక ప్రాంత అభివృద్ధి సంస్థ చూసుకున్న ప్రాంతమిది. ఇప్పుడు వైశాలి నగర్ పేరుతో కార్పొరేషన్‌కు ఒక జోన్ ఉంది. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2008లో ఇదే పేరుతో అసెంబ్లీ స్థానమూ వచ్చింది. క్వార్టర్ నంబరుతో బతికిన మనిషికి సొంత పేరు చెక్కిన గేటు దొరికింది. దాని విలువ నాకు తెలుసు.

చిక్కల్లా దాటడంతోనే. ఇల్లు ఉత్తరానికి వచ్చింది గానీ ఫ్యాక్టరీ, పెద్దాసుపత్రి దక్షిణానే ఉన్నాయి. దేశంలోకెల్లా రద్దీ లైన్లలో ఒకటి మధ్యలో అడ్డం. బొగ్గు, ఖనిజం, ఉక్కు మోసే గూడ్సులు ఒకదాని వెనక ఒకటి వెళుతుంటే సుపేలా గేటు దగ్గర సైకిళ్లు ఆగి నిలబడేవి. అమెరికా ఉక్కునగరం పిట్స్‌బర్గ్ అలెగెనీ నది కింద సొరంగం తవ్వి, 2012లో నగర కేంద్రాన్నీ అవతలి ఒడ్డునూ రైలుతో కలిపింది. భిలాయికి నది బదులు పట్టాలే అడ్డొచ్చాయి. అండర్‌బ్రిడ్జిలు వచ్చాయి, జీఈ రోడ్డు మీద సుపేలా, పవర్ హౌస్ దగ్గర ఫ్లైఓవర్లు లేచాయి. ఫ్లైఓవర్ల వల్ల రాయ్‌పూర్, దుర్గ్ మధ్య పరుగెత్తే బండ్లకు హాయి. మోకాళ్లు నొప్పెట్టే పెద్దాయన వైశాలి నగర్ నుంచి తొమ్మిదో సెక్టార్ ఆసుపత్రికి వెళ్లే దారి సంగతి ముందు చూడాల్సిందని నా గట్టి అభిప్రాయం.

2024 సెప్టెంబరులో దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ మొదలైంది. 1931 నాటి అదే దారిన, సుమారు ఎనిమిది గంటల ప్రయాణం. పార్వతీపురంలో, విజయనగరంలో ఆగుతుంది. తెల్లవారకముందే వైశాలి నగర్ నుంచి ఆటోలో దుర్గ్ స్టేషన్‌కు బయలుదేరితే మధ్యాహ్నానికల్లా విశాఖలో దిగొచ్చు. తిరుగు ప్రయాణంలో సంచులు బరువెక్కుతాయి. చోడిపిండి, చింతపండు, గుడ్డతో మూతి బిగించిన ఆవకాయ జాడీ.