ఆకాశానికి కాపు కాసినవారు: విశాఖపట్నం నుంచి టొరంటో దాకా

1868వ సంవత్సరం ఆగస్టు 18న తెలుగునేల మీద పట్టపగలు చీకటి పడింది. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాల మీదుగా సాగి బంగాళాఖాతంలోకి వెళ్ళింది. అదే సంవత్సరం డిసెంబరులో, అప్పటికి పుట్టి ఏడాదిన్నర మాత్రమే అయిన కెనడా దేశంలో, టొరంటో నగరంలో కొద్దిమంది ఔత్సాహికులు కూడి ఒక చిన్న ఖగోళ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. ఈ రెండు సంఘటనలకూ నేరుగా సంబంధం లేదు. అయినా ఆ రెండు నేలలూ మనవే అయినవి కనుక, వాటి కథలను పక్కపక్కన పెట్టి చదువుకోవడం మనకు ఉపయోగకరం. ఎందుకంటే జీతం కోసం కాక ఇష్టంతో ఆకాశాన్ని గమనించినవారి చరిత్ర ఆ రెండు చోట్లా ఉన్నది. ఒకచోట అది ఆగిపోయింది. మరొకచోట నేటికీ సాగుతున్నది.

ముందుగా గుంటూరు సంగతి చూద్దాం. గ్రహణం చూడడానికి అక్కడికి ఐరోపా నుంచి ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ వచ్చాడు. బ్రిటిష్ సైన్యపు ఇంజనీరు జేమ్స్ ఫ్రాన్సిస్ టెన్నాంట్ కూడా అక్కడే విడిది చేశాడు. టెన్నాంట్ లక్ష్యం గ్రహణానికి ఛాయాచిత్రాలు తీయడం. ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే సామాన్యమైన పని కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, చిత్రం పడిన వెంటనే చీకటి గదిలో రసాయనాలతో కడగాలి. ఆగస్టు నెల గుంటూరు వేడిలో, పైన పలుచని మబ్బుల నడుమ, ఐదు నిమిషాలకు కొంచెం మించిన సంపూర్ణ గ్రహణ కాలంలో ఈ తతంగమంతా పలకకు పలకకూ మళ్ళీ జరగాలి. అయినా కొన్ని పలకల మీద చంద్రుని నల్లని అంచు చుట్టూ సూర్యుని నుంచి ఎగసిన జ్వాలలు స్పష్టంగా నిలిచాయి.

జాన్సెన్ అదే జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో విడగొట్టి చూశాడు. అవి మండే వాయువులని తేల్చుకున్నాడు. వాటి గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా వాటిని చూడవచ్చునని అతనికి తోచింది. మరునాడే చూసి నిరూపించాడు. హీలియం గుంటూరులోనే కనుగొనబడిందని మనవాళ్ళు సగర్వంగా చెప్పుకుంటారు. ఆ మాటను కొంచెం సరిదిద్దుకోవాలి. ఆ వెలుగులోని పసుపుపచ్చని గీత సోడియం గీతతో సరిగా కలియడం లేదన్న అనుమానం మచిలీపట్నంలో పరిశీలించిన మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మాటల్లో కనిపిస్తుంది. అది వేరే గీత అని ఆ ఏడాది అక్టోబరులో నిర్ధారించినవాడు ఇంగ్లండులోని నార్మన్ లాకియర్. ఆ మూలకాన్ని 1895లో భూమి మీద పట్టుకున్నవాడు విలియం రామ్సే. కనుక ఆ ఘనత ఏ ఒక్కరిదీ కాదు. అయితే ఆ కథలో తొలి పుట తెలుగునేల మీద రాయబడిందనడం మాత్రం సత్యం.

వారందరూ పరదేశం నుంచి గాని, ప్రభుత్వం తరఫున గాని వచ్చినవారు. కాని అంతకు ఇరవై ఎనిమిదేళ్ళ ముందే విశాఖపట్నంలో ఒక తెలుగు జమీందారు తన సొంత ధనంతో వేధశాలను నెలకొల్పుకున్నాడు. ఆయన గోడే వెంకట జగ్గారావు. మద్రాసు వేధశాలలో థామస్ గ్లాన్‌విల్ టేలర్ వద్ద గణితం, ఖగోళం అభ్యసించి, స్వస్థలానికి తిరిగివచ్చి 1840లో ఆ పని ప్రారంభించాడు. నేటి డాబా గార్డెన్స్ ప్రాంతమే దాని చోటు. ఆ వేధశాల కేవలం విలాసం కాదు. నక్షత్రాలను చూసి గడియారాలను సరిచేసుకొనేవారు. రేవుకు వచ్చే ఓడలకు డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండా కొయ్య ద్వారా కచ్చితమైన వేళ తెలిపేవారు. సముద్రంలో నావికుడు తానెక్కడ ఉన్నాడో తెలుసుకోవాలంటే సరైన గడియారమే ఆధారం. అందుచేత ఆకాశాన్ని గమనించడం ఆ ఊరికి నిత్యోపయోగమైన సేవ అయింది.

1856లో జగ్గారావు మరణించిన తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ బాధ్యతను స్వీకరించాడు. 1892లో కన్నుమూసే వరకు, అంటే ముప్పైఐదు సంవత్సరాలకు పైగా, ఆయన గ్రహణాలనూ, తోకచుక్కలనూ, సూర్యబింబం మీదుగా బుధుడు సాగిపోవడాన్నీ పరిశీలించి రాసిపెట్టాడు. వానలనూ గాలులనూ కూడా కొలిచాడు. ఆయన పరిశీలనలు లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి; ఆ సంస్థ ఆయనను తన సభ్యునిగా గౌరవించింది. ఆయన కుమారుడు రాజా అంకితం వెంకట జగ్గారావు కాలంలో ఆ వేధశాలలో ఆకాశ ఛాయాగ్రహణం కూడా ప్రవేశించింది. ఆకాశపు ఫోటోలు తీసే సరదాను ఈ కాలపు వింతగా తలచే మన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

ఇక టొరంటో. 1868 డిసెంబరులో అక్కడ కూడినవారిలో జమీందారులెవరూ లేరు. వారికి ప్రేరకుడైన ఆండ్రూ ఎల్విన్స్ వృత్తిరీత్యా దర్జీ. పగలు బట్టలు కుట్టి, రాత్రులు దూరదర్శిని పట్టిన మనిషి ఆయన. ఆ సంఘం కూడా తొలి ఉత్సాహం చల్లారి కొన్ని సంవత్సరాలు దాదాపు నిద్రపోయింది. ఎల్విన్స్, ఆయన మిత్రులు కొద్దిమంది మాత్రం ఆ నిప్పును ఆరనివ్వలేదు. 1890లో దానిని చట్టప్రకారం నమోదు చేయించి, క్రమం తప్పని సమావేశాలు, అచ్చు నివేదికలు ఏర్పాటు చేశారు. 1903లో అది రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ కెనడా అయింది. 1907 నుంచి ఆ సంస్థ పరిశీలకుల కోసం ఒక చేతి పుస్తకం వెలువరిస్తున్నది. ఏ రాత్రి ఏ గ్రహం ఎక్కడ ఉంటుంది, ఏ గ్రహణం ఎప్పుడు పడుతుంది అని చెప్పే ఆ పుస్తకాన్ని ఒక విధంగా కెనడా పంచాంగమనవచ్చు.

ఈ రెండు నగరాలకూ శుక్రగ్రహం ఒక చక్కని ముడి వేసింది. సూర్యబింబం మీదుగా శుక్రుడు నల్లని చుక్కలా సాగిపోయే దృశ్యం అత్యంత అరుదు. 1874 డిసెంబరు 9న అది జరిగినప్పుడు విశాఖలో ఉదయం. నరసింగరావు దానిని పరిశీలించాడు. టొరంటోలో అప్పటికి రాత్రి కనుక అక్కడ కనిపించలేదు. 1882 డిసెంబరు 6న మళ్ళీ జరిగినప్పుడు కెనడాలో పగలు, విశాఖలో రాత్రి. అంటే ఆ తరంలో ఒక్కొక్క నగరానికి ఒక్కొక్కటి దక్కింది. ఆ తరువాత 2012లో టొరంటోలో జూన్ 5 సాయంకాలం సూర్యుడు అస్తమించబోతూ ఉండగా, విశాఖలో జూన్ 6 ఉదయం సూర్యుడు అప్పుడే పైకి వచ్చాడు. సుమారు ఒక గంటపాటు రెండు నగరాల వారికీ ఒకే సూర్యునిపై ఒకే చుక్కను చూసే వీలు కలిగింది. అటువంటి దృశ్యం ఇక 2117లో గాని లేదు.

ఫోటో పలక పోయి ఎలక్ట్రానిక్ కెమెరా వచ్చాక ఔత్సాహికుల బలం పెరిగింది. 2011 జనవరి 2న న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని ఫ్రెడరిక్టన్ నగరానికి చెందిన పదేళ్ళ బాలిక, నోవాస్కోషియాలోని ఒక ఔత్సాహికుడు తన వేధశాలలో తీసిన చిత్రాలను పాత చిత్రాలతో పోల్చి చూస్తూ, ఇంతకుముందు లేని ఒక చుక్కను పట్టుకున్నది. అది సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్ర విస్ఫోటనం. ఆ పాపకు కావలసివచ్చిన పరికరాలు రెండే: ఓపిక, రెండు చిత్రాల మధ్య భేదం గుర్తించే కన్ను.

అల్బర్టాలో ధ్రువకాంతులను వెంబడించే ఔత్సాహికుల బృందం కథ మరింత ఆసక్తికరం. మామూలు ఆకుపచ్చని తెరలకు భిన్నంగా, తూర్పు పడమరలుగా సాగిన సన్నని ఊదారంగు పట్టీని వారు ఎన్నోసార్లు ఫోటో తీశారు. దానిని ఒక రకం ధ్రువకాంతిగా తలచారు. కాల్గరీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎరిక్ డోనవన్ ఆ చిత్రాలు చూసి, వారు చెబుతున్నది ఇది కాదన్నాడు. అసలు పేరు తెలియనందున బృందం వారు ఒక పిల్లల సినిమా నుంచి స్టీవ్ అనే పేరు తెచ్చి పెట్టారు. యూరపు వారి స్వార్మ్ ఉపగ్రహం ఆ పట్టీ గుండా సాగినప్పుడు, 300 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత 3000 డిగ్రీలు పెరిగినట్టూ, సుమారు 25 కిలోమీటర్ల వెడల్పున వాయువు సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో ప్రవహిస్తున్నట్టూ తేలింది. 2018లో వెలువడిన పరిశోధన వ్యాసంలో ఆ ఔత్సాహికుల పేర్లు కూడా చేరాయి. చలిలో నిలబడి ఫోటోలు తీసినవారు లేకుంటే, పండితులకు ఆ ప్రశ్నే తట్టి ఉండేది కాదు.

మన కుటుంబాలకు ఈ చరిత్రలో మరొక పాఠం ఉన్నది. ఆకాశం ఒక్కటే అయినా, నిలుచున్న చోటును బట్టి అది మారుతుంది. విశాఖలో ధ్రువనక్షత్రం దిగంతానికి సుమారు 18 డిగ్రీల ఎత్తున ఉంటే, టొరంటోలో 44 డిగ్రీల ఎత్తున ఉంటుంది. పెళ్ళిలో వధూవరులకు చూపించే అరుంధతీ వసిష్ఠులు ఉన్న సప్తర్షి మండలం విశాఖలో ఉదయించి అస్తమిస్తుంది. టొరంటోలో ఎన్నడూ అస్తమించదు. శీతాకాలపు రాత్రులలో విశాఖ నుంచి దక్షిణాన చక్కగా కనిపించే అగస్త్య నక్షత్రం మాత్రం కెనడాలో ఎక్కడినుంచీ కనిపించదు. 2024 ఏప్రిల్ 8న, సరిగ్గా ఉగాది ముందునాడు, సంపూర్ణ సూర్యగ్రహణం హామిల్టన్, నయాగరా, మాంట్రియాల్ ప్రాంతాల మీదుగా సాగింది. టొరంటో నగరం మధ్యభాగం కొద్దిలో తప్పిపోయింది. భారతదేశంలో ఆ గ్రహణం కనిపించలేదు. ఇంటి నుంచి వచ్చిన పంచాంగంలో లేని గ్రహణాన్ని ఇక్కడి ఆలయాలు పాటించవలసివచ్చింది. లెక్క ఎక్కడ కట్టినా, చివరకు మనం నిలుచున్న చోటి ఆకాశమే ప్రమాణమని ఆ రోజు అందరికీ అర్థమైంది.

విశాఖ వేధశాల ఎందుకు ఆగిపోయింది? అక్కడ ధనానికి లోటు లేదు. శ్రద్ధకు, పాండిత్యానికి అసలే లోటు లేదు. కాని ఆ పని ఒకే కుటుంబం మీద ఆధారపడింది. మూడు తరాల తరువాత చేయి అందించేవారు లేక ఆ కృషి ముగిసింది. టొరంటోలో దర్జీ మొదలుపెట్టిన పని చిన్నదైనా, పదిమంది చేతుల్లోకి వెళ్ళింది, అందుకే నిలిచింది. మన భాషకూ, మన పర్వాలకూ ఇదే వర్తిస్తుంది. ఒక ఇంట్లో ఎంత భద్రంగా దాచినా, పదిళ్ళకు పంచితే తప్ప అవి తరాలు దాటవు.

ఈ కృషికి నేడు మరొక గండం నగరపు వెలుగులు. 1935లో రిచ్‌మండ్ హిల్‌లో ప్రారంభమైన డేవిడ్ డన్లప్ వేధశాల దూరదర్శిని, ఆనాటికి ప్రపంచంలో రెండవ పెద్దది. చుట్టూ పెరిగిన ఊరి దీపాలు దాని చూపును మసకబార్చాయి. గణపతి ఆలయానికి రిచ్‌మండ్ హిల్ వెళ్ళే మనవారిలో ఎంతమంది ఆ గోపురం చూశారో! నేడు అది పరిశోధన కన్నా ప్రజలకు చూపించడానికే ఎక్కువగా ఉపయోగపడుతున్నది. ఔత్సాహికులే ముందుండి చూపిస్తారు. చీకటి కావాలనుకొనేవారికి ముస్కోకా ప్రాంతంలోని టోరెన్స్ బారెన్స్ ఉన్నది. 1999లోనే దానిని చీకటి ఆకాశానికి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

అటువంటి చోటికి పిల్లలను ఒక్క రాత్రి తీసుకువెళ్ళండి. ఖరీదైన దూరదర్శిని అక్కరలేదు. ఒక నోటు పుస్తకం చాలు: తేదీ, వేళ, చోటు, మబ్బులు ఉన్నదీ లేనిదీ, కనిపించిన చుక్కల పేర్లు. సప్తర్షులు, రోహిణి, కృత్తిక అని పేర్లను తెలుగులో రాయించండి, పక్కనే ఇంగ్లీషు పేరు పెట్టించండి. వచ్చే నెల ఆలయంలో కలిసినప్పుడు ఆ పుటలను ఇతర పిల్లలకు చూపించమనండి.