వేలు తీస్తేనే చుక్క పడే కంచు కప్ప

ఈ రోజు టాపిక్, పాతకాలం చైనా పండితుల రాత బల్ల మీది కంచు బొమ్మ. అరచేతిలో పట్టేంత కప్పో, తాబేలో. నిజానికి అదో నీళ్ల పాత్ర.

అప్పట్లో సిరా కడ్డీగా ఉండేది. రాతి పలక మీద నాలుగు చుక్కల నీళ్లేసి, మనం గంధం తీసినట్టు అరగదీయాలి. నీళ్లు ఎక్కువైతే సిరా పల్చనైపోతుంది. అందుకే బొమ్మకి వీపు మీద ఒక రంధ్రం, నోట్లో ఇంకోటి. వంచినప్పుడు వీపు రంధ్రం వేలితో మూస్తే నీళ్లు ఆగుతాయి, వేలు తీస్తే పడతాయి. గాలి పీడనం, అంతే! మన ల్యాబ్‌లో పిపెట్ గుర్తొచ్చిందా?

మింగ్ కాలం చివర్లో సుజౌలో వెన్ జెన్‌హెంగ్ అనే ఆయన, పండితుడి ఇంట్లో ఏ వస్తువు ఉండాలో, ఏది ఉండకూడదో పుస్తకమే రాశాడు. కంచులో నీళ్లు ఎక్కువ రోజులుంటే విషమెక్కుతాయట, కుంచె పెళుసవుతుందట. కాల్చిన మట్టి పాత్రే మేలన్నాడు. ఇప్పుడు కలెక్టర్లు వెతికి కొనే వస్తువు మీద ఆ కాలం మనిషి ఇచ్చిన రివ్యూ ఇది!

1644లో బీజింగ్ పోయింది. మరుసటి ఏడాది మంచూ సైన్యం సుజౌకీ వచ్చింది. కుంచె వెంట్రుకల గురించి అంత పట్టించుకున్న ఆ మనిషి, కొత్త పాలన ఒప్పుకోలేక అన్నం ముట్టకుండా ప్రాణం వదిలేశాడు. అప్పటికి ఆయనకి అరవై ఏళ్లు.